జకార్తా 1962: పన్నెండేళ్ల పాఠానికి దక్కిన స్వర్ణం (భారత ఫుట్‌బాల్ చరిత్ర – 9వ భాగం)

1962 సెప్టెంబరు 4న జకార్తాలోని సెనయాన్ స్టేడియంలో భారత ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1951లో ఢిల్లీలో సైలేన్ మన్నా నాయకత్వాన మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో ఇరాన్‌పై గెలిచిన స్వర్ణం మొదటిదైతే, ఇది రెండోది. మూడోది ఇంతవరకూ రాలేదు. అందుకే జకార్తా గెలుపు చుట్టూ ఒక పురాణం అల్లుకుంది. లక్షమంది ప్రత్యర్థి జనం, తలకు కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్, జ్వరం నుంచి లేచి వచ్చి గోల్‌పోస్టు కాచిన తంగరాజ్, మృత్యువు దగ్గరపడుతున్నా జట్టును నడిపించిన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఇవన్నీ నిజాలే. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఈ నిజాలను కొత్త తరానికి చేర్చింది కూడా. కానీ వీరగాథగా మాత్రమే చెప్పుకోవడంలో ఒక నష్టం ఉంది. వీరత్వం ఎప్పుడో ఒకసారి మెరుస్తుంది, మళ్లీ రమ్మంటే రాదు. జకార్తాలో గెలిపించింది మళ్లీ మళ్లీ రప్పించగలిగినదే, అంటే ఒక పద్ధతి. పన్నెండేళ్లపాటు ముఖ్యంగా హైదరాబాద్ మైదానాల్లో తయారైన ఆ పద్ధతిని దేశం ఒక మనిషి చేతిలోనే ఉంచేసి, ఆ మనిషి పోగానే పోగొట్టుకుంది. ఈ భాగంలో నిరూపించదలచుకున్నది ఇదే. దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు బలమైనవి కాబట్టి వాటిని పక్కనపెట్టకుండా ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆనాటి జకార్తా ఎలా ఉందో చెప్పుకోవాలి. ఆ ఏడాది ఆగస్టు 24న మొదలైన నాలుగో ఆసియా క్రీడలు ఇండోనేసియా అధ్యక్షుడు సుకర్ణోకు రాజకీయ ప్రతిష్ఠకు సంబంధించిన విషయం. సోవియట్ సాయంతో కట్టిన బ్రహ్మాండమైన స్టేడియం అందుకు గుర్తు. అరబ్బు దేశాలతోనూ కమ్యూనిస్టు చైనాతోనూ స్నేహం నిలుపుకోవడానికి ఇండోనేసియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు వీసాలు ఇవ్వలేదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో భారత సభ్యుడైన గురుదత్ సోంధీ దీన్ని తప్పుపట్టారు. సభ్యదేశాలను బయట ఉంచి జరిపే పోటీలను ఆసియా క్రీడలని పిలవకూడదన్నారు. ఆసియా క్రీడల ఆలోచనకు ప్రాణంపోసి, 1951 ఢిల్లీ క్రీడలను నిలబెట్టిన వారిలో ముఖ్యుడు ఆయన. అందువల్ల ఆ మాటకు బరువుంది, ఆ బరువే కోపం తెప్పించింది. సెప్టెంబరు 3న జనం భారత రాయబార కార్యాలయం మీదికి వెళ్లి విధ్వంసం చేశారు. సోంధీ జకార్తా విడిచి వెళ్లాల్సివచ్చింది. మర్నాడే ఫుట్‌బాల్ ఫైనల్. భారతీయుడని ఇట్టే తెలిసిపోతుందని తలపాగాతో ఉన్న జర్నైల్‌ను బస్సులో కిటికీలోంచి కనిపించకుండా కూర్చోబెట్టి తీసుకెళ్లామనీ, మన జాతీయగీతం వినిపిస్తుంటే కూడా స్టాండ్లలో హేళన ఆగలేదనీ ఆటగాళ్లు తర్వాతి కాలంలో చెప్పేవారు. ఆ జనంలో మన జట్టుకు కేకలువేసి ఉత్సాహమిచ్చింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లేనని కూడా వాళ్లే చెప్పారు. అదే క్రీడల్లో మనల్ని 2-0తో ఓడించి హాకీ స్వర్ణం తీసుకున్న జట్టు అది. ఉపఖండపు క్రీడాచరిత్రలో ఇంతకంటే హృద్యమైన విషయాలు ఎక్కువ లేవు.

ఇక ఆట సంగతి. ఫుట్‌బాల్‌లో పోటీపడింది ఎనిమిది జట్లు. భారత్, దక్షిణ కొరియా, జపాన్, థాయ్‌లాండ్ ఒక గ్రూపు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. ఫైనల్‌ను మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్లు ఈ ఓటమిని మరిచిపోతారు. నిజానికి రహీం పనితనం తెలియాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. ఒకే ప్రత్యర్థితో కొద్ది రోజుల వ్యవధిలో రెండుసార్లు ఆడి, మొదటిసారి రెండు గోళ్ల తేడాతో ఓడి, రెండోసారి గెలిచిన జట్టు ఆ మధ్యకాలంలో ఏం మార్చుకుందన్నది చరిత్రకారుడికి దొరికే అరుదైన సాక్ష్యం. కొరియన్లు మారలేదు. మారింది మన జట్టు అమరికే.

కొరియా తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో, జపాన్‌పై 2-0తో గెలిచి సెమీఫైనల్ చేరాం. అయితే థాయ్‌లాండ్ మ్యాచ్‌లో మన రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ రోజుల్లో అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో సాధారణంగా మధ్యలో ఆటగాణ్ణి మార్చే వీలుండేది కాదు. గాయపడినవాణ్ణి దించడమంటే తొంభై నిమిషాలూ అతని భారం మోయడానికి సిద్ధపడటమే. మామూలు కోచ్‌కు రెండే దారులు కనిపిస్తాయి: జర్నైల్‌ను కూర్చోబెట్టడం, లేదా దైవం మీద భారం వేసి అతని పాత స్థానంలోనే దించడం. సెప్టెంబరు 1న దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్‌కు రహీం మూడో దారి వెతికారు. జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపి, వెనక అతని స్థానాన్ని అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. సెంటర్ బ్యాక్ ప్రతి ఎత్తు బంతికీ ఎగరాల్సిందే, ప్రతి ఢీకొట్టుడుకూ తల ఒడ్డాల్సిందే. ఫార్వర్డ్ తను ఎప్పుడు ఎగరాలో తనే నిర్ణయించుకోవచ్చు. పైగా జర్నైల్ పంజాబ్‌లో ఆడిన తొలిరోజుల్లో ముందు వరుసలో ఆడినవాడు. ఇక అతని దేహదారుఢ్యం ప్రత్యర్థి బ్యాకులకు కొత్త తలనొప్పి. 3-2తో గెలిచిన ఆ సెమీఫైనల్‌లో చునీ గోస్వామి రెండు గోళ్లు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. ఫైనల్‌లో 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో మళ్లీ జర్నైల్. కొరియా 85వ నిమిషంలో ఒక గోలు తిరిగి చేసినా ఆలస్యమైపోయింది. ఫ్లూతో పడుకున్న తంగరాజ్‌కు అంతవరకూ బాగా ఆడుతున్న ప్రద్యుత్ బర్మన్ బదులు ఫైనల్‌లో గోలీ బాధ్యత ఇవ్వడమూ ఈ లెక్కలో భాగమే. కొరియన్లు పైనుంచి వేసే బంతుల్ని అందుకోవడానికి ఆరడుగులు దాటిన మనిషి కావాలి. గెలుస్తున్న జట్టును కదపకూడదన్న ఆనవాయితీని పక్కనపెట్టి తీసుకున్న నిర్ణయమది.

ఒక డిఫెండర్ వరుసగా రెండు నాకౌట్ మ్యాచ్‌లలో ఫార్వర్డ్‌గా గోళ్లు చేయడాన్ని అదృష్టం అనడం సులువు. కానీ ఆ మార్పు పనిచేయాలంటే మిగతా పదిమందీ కొత్త అమరికలో తమ తమ స్థానాలను రెండుమూడు రోజుల్లో అర్థం చేసుకోవాలి. అరుణ్ ఘోష్ మధ్యకు జరిగితే చంద్రశేఖరన్, త్రిలోక్ సింగ్ ఎంత లోపలికి రావాలి? జర్నైల్ బంతి లేకుండా పరిగెత్తి ఇద్దరు బ్యాకుల్ని లాగితే ఆ ఖాళీలోకి చునీ ఎప్పుడు దూరాలి? హాఫ్‌లుగా ఉన్న ఫ్రాంకో, ప్రశాంత సిన్హా ఎవరిని ఎక్కడ పట్టుకోవాలి? ఇలాంటి ప్రశ్నలకు జవాబు ముందే తెలిసిన జట్టు మాత్రమే అంత తక్కువ వ్యవధిలో మారగలదు. ఎవరి స్థానంలో వాళ్లు బంతి తన్నడం మాత్రమే నేర్చిన జట్టు అలా మారలేదు.

మొదటి అభ్యంతరం ఇది: స్వర్ణానికి విలువ ఎంత? తైవాన్ 1954, 1958 ఆసియా క్రీడల ఫుట్‌బాల్ విజేత. హాంకాంగ్ ఆటగాళ్లతో నిండిన బలమైన జట్టు అది. ఇజ్రాయెల్ సంగతి రెండేళ్ల తర్వాత 1964 ఆసియా కప్ గెలిచి చూపించింది. ఈ రెండూ జకార్తాకు రాలేదు. ఆతిథ్య జట్టు ఇండోనేసియా పోటీలకు కాస్త ముందు మ్యాచ్ ఫిక్సింగ్ కుంభకోణంలో ఆటగాళ్లను పోగొట్టుకుని గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది. అంటే ఖాళీ బరిలో గెలిచామా? ఇది న్యాయమైన ప్రశ్న, దేశాభిమానంతో తోసిపుచ్చదగ్గది కాదు. దీనికి జవాబు మనం ఓడించిన జట్టు చరిత్రలోనే ఉంది. దక్షిణ కొరియా 1956లో జరిగిన మొట్టమొదటి ఆసియా కప్ విజేత, 1960లో సియోల్‌లో జరిగిన రెండో ఆసియా కప్ విజేత కూడా. ఆ 1960 పోటీల్లో వాళ్లు ఇజ్రాయెల్‌ను 3-0తో, తైవాన్‌ను 1-0తో, మనకు సెమీస్‌లో గట్టిపోటీ ఇచ్చిన దక్షిణ వియత్నాంను 5-1తో ఓడించారు. కాబట్టి జకార్తాకు రాని రెండు జట్లనూ రెండేళ్ల క్రితమే ఓడించిన జట్టునే మనం ఫైనల్‌లో ఓడించాం. తైవాన్ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆనాటి ఆసియా ఛాంపియన్ ఎవరంటే కొరియా అనే చెప్పాలి, దాని మీద గెలిచిన స్వర్ణాన్ని తక్కువ చేయడానికి ఆధారం లేదు.

జనం చూపిన ద్వేషమే మనవాళ్లలో కసి రగిల్చి గెలిపించిందన్నది రెండో వాదన. ఆటగాళ్ల జ్ఞాపకాల్లో ఈ భావన చాలా బలంగా ఉంటుంది, వాళ్లను అనుమానించే హక్కు మనకు లేదు. అయితే తేదీలు వరుసగా పేర్చి చూస్తే ఈ వాదనకు అంత పట్టు కనిపించదు. జర్నైల్‌ను ముందుకు పంపిన సెమీఫైనల్ సెప్టెంబరు 1న జరిగింది. రాయబార కార్యాలయంపై దాడి 3న జరిగింది. గెలుపుకు దారితీసిన కీలక మార్పు ద్వేషం పతాకస్థాయికి చేరకముందే వచ్చింది, ఫలితమూ ఇచ్చింది. పైగా లక్షమంది ఎగతాళి చేస్తుంటే చాలా జట్లు బెదిరి, బంతి కాళ్ల దగ్గర నిలవక చెదిరిపోతాయి. మొదటి ఇరవై నిమిషాల్లోనే రెండు గోళ్లు చేసి, ఆ ఆధిక్యాన్ని గంటకు పైగా కాపాడుకోవాలంటే కసికంటే నిబ్బరం ఎక్కువ కావాలి. ఆ నిబ్బరం శిక్షణ నుంచి వస్తుంది.

ఆ శిక్షణ ఎక్కడిది? 1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో పనిచేశారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, 1950 నాటికి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్. కోల్‌కతా క్లబ్బుల డబ్బూ పేరూ లేని ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్ గెలిచింది, ఆంధ్ర పోలీస్‌గా పేరు మారాక 1961లోనూ గెలిచింది. రాష్ట్రాల జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58ల్లో వరుసగా హైదరాబాద్‌కే వచ్చింది. ఒక ఏడాది గెలుపు గాలివాటం కావచ్చు, పదేళ్లపాటు వేర్వేరు కప్పుల్లో, వేర్వేరు నగరాల్లో, తరం మారినా కొనసాగిన గెలుపు గాలివాటం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, బలరాం లాంటి హైదరాబాదీలు అంతమంది ఉండటం ఆ సాక్ష్యానికి మరో ముడి.

రహీం పద్ధతిలోని ముఖ్యాంశాలు ఆయన శిష్యులు పదేపదే చెప్పినవే. పిల్లలకు డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే ఉంచుకుని ఇద్దర్ని తప్పించి మెప్పు పొందాలన్న కోరికను చిన్నప్పుడే అదుపుచేసి, వచ్చిన బంతిని వెంటనే సాటివాడికి అందించడం అలవాటు చేయడం దాని ఉద్దేశం. ఆటగాళ్లు తమ బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలూ పెట్టేవారు. ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్‌లు, అయిదుగురు ఫార్వర్డ్‌ల పాత బ్రిటిష్ అమరికలోనే దేశమంతా ఆడుతున్న కాలంలో ఆయన హంగేరీ ఆటను గమనించి, ఫార్వర్డ్‌లలో ఒకరిని వెనక్కు లాగి ఆడించారు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ 4-2-4ను లోకానికి చూపించకముందే ఆ దిశగా ప్రయోగాలు చేశారని ఆనాటి ఆటగాళ్లు చెప్పేవారు. ఇక్కడ గమనించాల్సింది ఆయన మేధ ఒక్కటే కాదు, మేధను అలవాటుగా మార్చిన తీరు. ఉపాధ్యాయుడు కాబట్టి పాఠాన్ని చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకూ ఒక అభ్యాసం కల్పించి, అది ఒంటబట్టేదాకా చేయించారు. జకార్తాలో జర్నైల్‌ను ముందుకు పంపాక చునీ, బలరాం, బెనర్జీ ఆగకుండా స్థానాలు మార్చుకుంటూ ఆడగలిగారంటే, ఒక్క తాకుడుతో బంతి అందించడమన్నది అప్పటికే వాళ్ల ఆటలో సహజమైపోవడమే కారణం.

ఆ జకార్తా జట్టులో తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడు, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో ఎదిగినవాడు. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టి, హైదరాబాద్‌లో రహీం కంటపడి, ఈస్ట్ బెంగాల్ తారగా వెలిగినవాడు. యూసఫ్ ఖాన్ సిటీ పోలీస్‌వాడు. అఫ్జల్ కూడా ఇక్కడివాడే. మిగతావాళ్లలో బెనర్జీ తూర్పు రైల్వే, చునీ మోహన్ బగాన్, చంద్రశేఖరన్ కేరళలోని ఇరింజాలకుడ నుంచి బొంబాయి చేరినవాడు. ఫ్రాంకోది గోవా, అది భారత్‌లో కలిసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. జర్నైల్ దేశవిభజనలో సరిహద్దు దాటి వచ్చిన కుటుంబంవాడు. ఇన్ని దారులవాళ్లు ఒక భాష మాట్లాడాల్సివచ్చినప్పుడు వాళ్లకు దొరికిన ఉమ్మడి భాష రహీం నేర్పిన ఆటే.

ఇక్కడే మూడో అభ్యంతరం వస్తుంది, నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది ఇదే. బెనర్జీ, చునీ, బలరాం ముగ్గురూ ఒకే కాలంలో పుట్టడం దేశానికి కలిసొచ్చిన అదృష్టం కదా, వాళ్లుంటే ఏ కోచ్ అయినా గెలిచేవాడు కదా? దీన్ని పరీక్షించడానికి 1958 టోక్యో ఆసియా క్రీడలున్నాయి. ఆ ముగ్గురూ ఆ జట్టులో ఉన్నారు, కోచ్ మాత్రం రహీం కాదు. బర్మాను 3-2తో, హాంకాంగ్‌ను అదనపు సమయంలో 5-2తో ఓడించినా, సెమీఫైనల్‌లో దక్షిణ కొరియా చేతిలో 3-1తో, కాంస్య పోరులో ఇండోనేసియా చేతిలో 4-1తో ఓడి నాలుగో స్థానంతో తిరిగివచ్చాం. అప్పటికి వాళ్లు ఇరవై, ఇరవైరెండేళ్ల కుర్రాళ్లు, నాలుగేళ్లలో పరిణతి రావడం సహజం కదా అనవచ్చు. నిజమే, ఒక్క టోక్యో సాక్ష్యంతో తీర్పు చెప్పలేం. అందుకే 1960 రోమ్ ఒలింపిక్స్‌నూ కలిపి చూడాలి. టోక్యో తర్వాత రెండేళ్లకే, రహీం తిరిగి వచ్చాక, ఆ జట్టే, ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హంగేరీతో 2-1 దాకా పోరాడి ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేసింది. రెండేళ్ల వయసు తెచ్చిన మార్పు కంటే ఇది పెద్దది.

ఎదురు సాక్ష్యమూ ఉంది, దాచకూడదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చితక్కొట్టినప్పుడు కూడా కోచ్ రహీమే. చాలామంది మనవాళ్లు వట్టికాళ్లతో ఆడారు. దేశవాళీ పోటీలు 70 నిమిషాలే ఉండటం వల్ల పూర్తి తొంభై నిమిషాలు ఆడే శక్తి ఎక్కువమందికి లేదు. హెల్సింకీ తర్వాతే ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం మాంత్రికుడైతే హెల్సింకీలోనూ గెలిచేవారు. హెల్సింకీ ఓటమి, మెల్‌బోర్న్ నాలుగో స్థానం, రోమ్ పోరాటం, జకార్తా స్వర్ణం ఇలా మెట్లుమెట్లుగా రావడమే ఇది పద్ధతి పండించిన ఫలమని చెప్పే ఆధారం. మంత్రానికి ఇన్ని మెట్లు అక్కర్లేదు.

పద్ధతే గెలిపించిందన్నప్పుడు, ఆ తర్వాత ఏమైందన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. జకార్తా నుంచి తిరిగొచ్చిన కొద్ది వారాలకే, అక్టోబరు 20న, చైనాతో యుద్ధం మొదలైంది. ఫుట్‌బాల్ గెలుపును పండగచేసుకునే స్థితిలో దేశం లేదు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల కేన్సర్‌తో రహీం కన్నుమూశారు, అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. బలరాం అనారోగ్యంతో ఆ ఏడాదే ఆట మానేయాల్సివచ్చింది. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం దక్కింది కానీ అదే ఏడాది టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేకపోయాం. 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో గ్రూపు దశ దాటలేదు.

ఈ పతనాన్ని అర్థం చేసుకోవడానికి జపాన్‌తో పోల్చి చూడటం కంటే మంచి మార్గం లేదు. జకార్తాలో మనం 2-0తో ఓడించిన జపాన్ ఆరేళ్ల తర్వాత 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ కాంస్యం గెలిచింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1960లో, జపాన్ పశ్చిమ జర్మనీ నుంచి డెట్మార్ క్రామర్ అనే కోచ్‌ను రప్పించుకుంది. ఆయన కూడా రహీంలాగే మూలపాఠాల మీద పట్టుపట్టిన ఉపాధ్యాయుడు. టోక్యో ఒలింపిక్స్ ముగిశాక వెళ్లిపోతూ, దేశవ్యాప్త లీగ్ పెట్టండి, కోచ్‌లకు శిక్షణ ఇవ్వండి అని చెప్పి వెళ్లారు. జపాన్ ఫుట్‌బాల్ సంఘం ఆ సలహా పాటించింది, 1965లో జపాన్ సాకర్ లీగ్ మొదలైంది. మెక్సికో పతకం క్రామర్ దేశం విడిచిన నాలుగేళ్లకు వచ్చింది. గురువు వెళ్లిపోయాక ఫలించిన చదువు అది. మన దగ్గర గురువు వెళ్లిపోయాక చదువే ఆగిపోయింది. 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ ఏర్పడింది, అంటే రహీం పద్ధతిని పాఠ్యప్రణాళికగా మార్చి దేశమంతటా కోచ్‌లను తయారుచేయడానికి చోటు ఉంది. అలాంటి ప్రయత్నం గట్టిగా జరిగిన దాఖలా ఆ తర్వాతి ఫలితాల్లో కనిపించదు. దేశవాళీ ఆట 70 నిమిషాల దగ్గరే చాలాకాలం ఉండిపోయింది. దేశవ్యాప్త లీగ్ కోసం 1996 దాకా ఆగాల్సివచ్చింది.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ అదే జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం గెలిచింది కదా, మరి జపాన్ దారి అంత గొప్పదా అని అడగవచ్చు. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాదీ. ముందు వరుసలో మహమ్మద్ హబీబ్, హైదరాబాదీ. శిక్షకుల్లో ఒకరు జకార్తాలో మొదటి గోలు కొట్టిన పి.కె. బెనర్జీ. ఆ కాంస్యం రహీం వేసిన పునాది మీద లేచిన చివరి గోడ. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఏ పతకమూ రాలేదు. కాబట్టి 1970 నా వాదనను కూల్చదు, దాని వయసెంతో చెబుతుంది. పోషణ లేకుండా వదిలేసిన పద్ధతి దాన్ని నేరుగా నేర్చుకున్న తరం మైదానంలో ఉన్నంత కాలమే బతికింది.

పోషణ లేకపోవడానికి హైదరాబాద్ వంతు కారణం కూడా చెప్పుకోవాలి. ఇక్కడి ఫుట్‌బాల్ పోలీసు శాఖ, రైల్వే, బ్యాంకుల వంటి ఉద్యోగాల మీద నిలిచింది. స్వతంత్రంగా బతికే క్లబ్బులు ఎదగలేదు. మంచి ఆటగాళ్లు కోల్‌కతాకు తరలిపోయారు. బలరాం, నయీం, హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్, ఇలా వరుసగా అందరూ అక్కడే పేరు తెచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, ఆట మీద బతకాలంటే ఆనాడు కోల్‌కతా ఒక్కటే దారి. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆ తర్వాత మళ్లీ గెలవలేదు. వెళ్లేవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తయారుచేసే బడి రహీంతోనే మూతపడింది. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, అంతర్జాతీయ రిఫరీ, కోచ్. ఆయన 2021లో కన్నుమూశారు. 2020లో బెనర్జీ, చునీ, 2023లో బలరాం, హబీబ్ వెళ్లిపోయారు. జకార్తాలో ఏం జరిగిందో మైదానం లోపలి నుంచి చూసినవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు లేరు.

రహీం శిక్షణ పద్ధతి చాలావరకు శిష్యుల నోటిమాటగానే మనదాకా వచ్చింది. డ్రిబ్లింగ్ లేని పోటీల నియమాలేమిటి, వారంలో ఏ రోజు ఏ అభ్యాసం చేయించేవారు, పాఠశాలల మధ్య పోటీలు ఎలా నడిచేవి, ఇవన్నీ కాగితం మీద ఉంటే ఈనాటికీ కోచ్‌లకు పనికొస్తాయి. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో పాత పోలీసు క్వార్టర్లలో, రైల్వే కాలనీల్లో, బొల్లారం, కాచిగూడ వైపు ఇళ్లలో ఆనాటి ఆటగాళ్ల కుటుంబాలు ఇంకా ఉన్నాయి. పాత ఫొటోలు, పత్రికల కత్తిరింపులు, టోర్నమెంటు కరపత్రాలు, చేతిరాత నోట్లు మీ పెట్టెల్లో ఉంటే వాటిని చెత్తబండికి వేయకండి. స్కాన్ చేయించి, ఎవరిదో, ఏ ఏడాదిదో వెనక రాసి, ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో రాష్ట్ర పురాభిలేఖ కేంద్రానికో ఒక ప్రతి అందజేయండి.